నరం అడిగే గడువు



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. ఆ పేరు పెట్టి ఆయనను పిలిచినవాళ్లు మాత్రం ఈ సభలో ఒకరిద్దరు కూడా ఉండరు. అందరికీ ఆయన డాక్టర్ సాబే. రైల్వే గేటు దగ్గర రేకుల కప్పు కింద రెండు గదుల దవాఖాన, అందులో ఒక పొడవాటి చెక్క బెంచీ. ఎముకల డాక్టరుగా చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో ఆ బెంచీ పక్కన నిలబడి నేను నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకున్న దానికి తక్కువేమీ కాదు. ఆ బెంచీ మీద ఎక్కువమంది ఏ బాధతో పడుకున్నారో ఆ బాధ గురించే ఈరోజు మాట్లాడతాను. దాన్ని మనం సయాటికా అంటాం, తుంటి నరం నొప్పి అంటాం.

నాకు బాగా గుర్తున్న ఒక ఉదయంతో మొదలుపెడతాను. శామీర్‌పేట అవతల కూరగాయల మళ్లలో కలుపు తీసే ఒకామె వచ్చింది. కొంగు నడుముకు బిగించి కట్టుకుంది, కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమైంది బిడ్డా?"

"నడుంల సంది మొదలైతది సారూ. పిర్రల కెల్లి, తొడ ఎనక కెల్లి పిక్కలకు దిగి, బొటనేలు దాంక కరెంటు కొట్టినట్టు గుంజుతది. దగ్గితే పానం పోయినంత పనైతది."

డాక్టర్ సాబ్ ఆమెను బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కుడి మడమ కింద చెయ్యి పెట్టి, మోకాలు వంగకుండా, కాలును మెల్లగా పైకి లేపారు. మూరెడు ఎత్తు లేవకముందే ఆమె బెంచీ అంచును రెండు చేతులా పట్టేసింది. ఎడమకాలు మాత్రం నిలువుగా లేచింది. తర్వాత కాలి బొటనవేలును పైకి లేపమని, దాన్ని తన వేలితో కిందికి అణిచారు. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయించారు. తొడల మధ్య స్పర్శ బాగుందా, మూత్రం సాఫీగా వస్తోందా అని నర్సమ్మ చేత అడిగించారు. ఐదు నిమిషాల పని. ఒక్క యంత్రం లేదు. చివరికి ఇలా అన్నారు: "నీ కాలికేం కాలేదు బిడ్డా. నడుంల నరానికి కోపమొచ్చింది. అది చల్లారాలె. దానికి జర టైమియ్యాలె."

నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఆ చివరి మాటలోనే ఉంది. తుంటి నరం మననుంచి అడిగేది గడువు. దాన్ని ఎలా ఇవ్వాలి, ఇవ్వనివ్వకుండా ఏది అడ్డుపడుతోంది అన్నదే ఈ ఉపన్యాసం.

ఈ బాధ మన పూర్వులకు కొత్తది కాదు. ఆయుర్వేదం దీన్ని గృధ్రసి అంది. గృధ్రం అంటే రాబందు. ఈ నొప్పి ఉన్నవాడి నడక ఆ పక్షి నడకలా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. చరక సంహిత దీన్ని వాతరోగాలలో చేర్చి, నొప్పి పిరుదు దగ్గర మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం దాకా వరుసగా పాకుతుందని చెప్పింది. ఈ జబ్బు కాలును చాచి ఎత్తనివ్వదని సుశ్రుతుడు గమనించాడు. బెంచీ మీద డాక్టర్ సాబ్ చేసిన పరీక్షలో కనిపించిందీ అదే.

ఐరోపాలో 1764లో నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటూన్యో ఈ నొప్పి మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. అప్పటిదాకా తుంటి కీలు నొప్పిని, నరం నొప్పిని ఒకే గాటన కట్టేవారు. రెండూ వేరని తేల్చినవాడు ఆయన. 1880లో బెల్‌గ్రేడ్ వైద్యుడు లాజా లాజరేవిచ్, కాలు ఎత్తినప్పుడు నరం సాగడం వల్లే నొప్పి పుడుతోందని వివరించాడు. ఆయన సెర్బియా భాషలో పేరున్న కథకుడు కూడా. ఇక ఆ నరాన్ని పైన ఒత్తుతున్నదేమిటో తేలడానికి 1934 దాకా ఆగాల్సి వచ్చింది. బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు, అంతవరకు గడ్డలనుకుని తీసేస్తున్నవి నిజానికి వెన్నుపూసల మధ్య నుంచి జారిన డిస్క్ ముక్కలని చూపించారు.

డిస్క్ అంటే ఏమిటో అర్థం కావాలంటే తాటిముంజెను తలచుకోండి. ఎండాకాలంలో రోడ్డు పక్కన ముంజెలు కొని తినని వాళ్లెవరూ ఇక్కడ ఉండరు. లేత ముంజెను అరచేతిలో పెట్టుకుని ఒక అంచున బొటనవేలితో నొక్కితే లోపలి నీరు రెండో అంచుకు తోసుకుపోతుంది. ఇంకా నొక్కితే పొర చిట్లి చివ్వున బయటికొస్తుంది. డిస్క్ కూడా అలాంటిదే, కాకపోతే దాని చుట్టూ ఉన్న పొర ఎన్నో వరుసలుగా గట్టిగా అల్లుకుని ఉంటుంది. మనం ముందుకు వంగి, పక్కకు తిరిగి, బరువు లేపితే డిస్క్ ముందు అంచు నొక్కుకుని లోపలి మెత్తటి గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది. వెనక ఉన్నవి నరాల వేళ్లు. నడుములోని చివరి రెండు డిస్కులే దాదాపు ఎప్పుడూ జారేవి, ఎందుకంటే మొత్తం మొండెం బరువు వాటి మీదే పడుతుంది.

ఆ నడుము నుంచీ, దాని కింది త్రికం ఎముక నుంచీ వచ్చే ఐదు నరాల వేళ్లు కలిసి తుంటి నరం అవుతాయి. శరీరంలో ఇంతకన్నా లావైన నరం లేదు. పిరుదు కండరాల కింది నుంచి, తొడ వెనక నుంచి దిగి, మోకాలి పైన రెండుగా చీలి పాదానికి చేరుతుంది. అందుకే తప్పు నడుములో జరిగితే కేక పిక్కలో వినిపిస్తుంది. బొటనవేలు తిమ్మిరెక్కి, మడమల మీద నడవడం కష్టమైతే నొక్కుకున్నది నడుములోని ఐదో నరం వేరు. మడమ, చిటికెనవేలు తిమ్మిరెక్కి, మునివేళ్ల మీద నిలబడలేకపోతే దాని కింది నరం వేరు. పైకి నాలుగడుగులే అయినా డాక్టర్ సాబ్ వేయించిన నడకలో ఇంత శాస్త్రం ఉంది.

ఇక్కడ ఒక మంచి కబురు చెప్పాలి. నొప్పికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. చిట్లి బయటికొచ్చిన గుజ్జును శరీరం పరాయి వస్తువుగా చూస్తుంది. దాంతో అక్కడ వాపు, మంట. ఆ మంటే నరానికి కోపం. ఆ గుజ్జును తినేసే కణాలు కూడా అదే మంటతో పాటు వస్తాయి. 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు ఒక వింత తేలింది. పూర్తిగా తెగి విడిపడిన డిస్క్ ముక్కలు 96 శాతం సందర్భాల్లో వాటంతట అవే పూర్తిగానో కొంతవరకో కరిగాయి. కొద్దిగా ఉబ్బినవి మాత్రం 13 శాతమే. స్కానింగులో పెద్దగా కనిపించిందని బెంబేలెత్తే రోగికి ఈ మాట చెప్పాలి: పెద్దదే త్వరగా కరిగే అవకాశం ఎక్కువ.

స్కానింగు గురించి ఇంకో మాట. నొప్పే లేని మనుషులకు తీసిన స్కానింగులను 2015లోనే మరో బృందం సమీక్షించింది. ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. వాళ్లెవరికీ ఏ బాధా లేదు. తల నెరిసినట్టే డిస్కూ ఎండుతుంది. కాబట్టి రిపోర్టులో డిస్క్ ఉబ్బిందని రాసినంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమనుకోకండి. మనిషిని పరీక్షించి, బొమ్మ అతనితో సరిపోలుతోందో లేదో చూడాలి.

మరి మన ప్రాంతంలో ఈ నొప్పి ఎవరికి వస్తోంది? నా దగ్గరికి వచ్చినవాళ్లను తలచుకుంటే మేడ్చల్, శామీర్‌పేట పటం మొత్తం కళ్ల ముందుకొస్తుంది. నాట్లలో, కలుపులో గంటల తరబడి నడుము వంచే ఆడవాళ్లు. ద్రాక్ష పందిళ్ల కింద తల వెనక్కి వాల్చి, నడుము విరుచుకుని కొమ్మలు కత్తిరించినవాళ్లు. ఆ తోటలు చాలావరకు ఇప్పుడు వెంచర్లయ్యాయి, ఆ కూలీలే ఆ వెంచర్లలో సిమెంటు మోస్తున్నారు. గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో మిషన్ మీద వంగి కుట్టే అమ్మాయిలు. హైవే పక్క గోదాముల్లో డబ్బాలు ఎత్తి దించే కుర్రాళ్లు. 44వ జాతీయ రహదారి మీద, రాజీవ్ రహదారి మీద రాత్రింబవళ్లు లారీ నడిపే డ్రైవర్లు. ఇంజన్ అదురు సీటు గుండా వెన్నులోకే ఎక్కుతుంది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులు కూడా ఉన్నారు.

బరువు లెక్క ఒక్కటి చెబుతాను. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే నియోష్ సంస్థ 1991లో ఒక సూత్రం ఇచ్చింది. బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలిక తిరగకుండా ఎత్తేటప్పుడు కూడా 23 కిలోలు దాటొద్దని దాని సారాంశం. మన సిమెంటు బస్తా 50 కిలోలు. దాన్ని నేల మీద నుంచి, వంగి, పక్కకు తిరిగి లేపుతాం. రోజుకు ఎన్నిసార్లో లెక్కే లేదు.

నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి? మొదటి రెండు మూడు రోజులు నొప్పి బాగా ఉంటే పడుకోండి. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. లేదా వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద ఆనించండి. ఉప్పు మూట కాపడం పెట్టుకోవచ్చు, ఒళ్లు కాలనంత వేడిగా. తర్వాత మంచం దిగాలి. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల్లో సగం మందిని రెండు వారాలు మంచం మీదే ఉంచారు, మిగతా సగాన్ని ఓపికున్నంత తిరగనిచ్చారు. 12 వారాలకు రెండు వర్గాల్లోనూ 87 శాతం మంది మెరుగైందని చెప్పారు. మంచం అదనంగా ఇచ్చిందేమీ లేదు. అందుకే ఇంట్లోనే ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అరగంటకు మించి ఒకే భంగిమలో కూర్చోకండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. వెనక జేబులో పర్సు పెట్టుకుని బండి మీద కూర్చునే అలవాటు మానండి.

డిస్క్ జారిన చాలామందికి బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపితే హాయిగా ఉంటుంది. అలా చేసినప్పుడు నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి పిరుదుకు వెనక్కి మళ్లితే అది మంచి శకునం. నడుములో కాస్త పెరిగినా ఫర్వాలేదు. కిందికి పాకితే వెంటనే ఆపేయాలి. యోగా చేసేవాళ్లు ముందుకు వంగే ఆసనాలను ఆ కొద్ది వారాలు పక్కన పెట్టాలి. వయసు మళ్లినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు డిస్క్ కన్నా వెన్ను కాలువ ఇరుకవడం ఎక్కువ. నాలుగడుగులు వేస్తే కాళ్లు బరువెక్కుతాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయి. నీటిలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఈ ఇరుకు నడివయసులోనే వచ్చింది. మన దేశంలో 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో తొలిసారి నమోదైన ఆ ఫ్లోరైడ్ జబ్బే తర్వాత నల్లగొండ నడుములను వంచేసింది.

మన ఊళ్లలో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తొక్కించుకునే అలవాటు ఇంకా ఉంది. కండరం పట్టేస్తే తాత్కాలికంగా హాయి అనిపించవచ్చు. కాలిలోకి నొప్పి దిగుతుంటే మాత్రం దయచేసి తొక్కించుకోకండి. లోపల పొర చిట్లి ఉంటే ఆ అడుగు దాన్ని ఇంకా చీలుస్తుంది.

సూది గురించి ఆగి చెప్పాలి. "జప్పున పనికి పోవాలె, ఓ సూది ఏయి సారూ" అని అడగని కూలీ లేడు. నొప్పి తగ్గించే సూది మంటను ఒక పూట అణుస్తుంది, నరానికి కావలసిన వారాలను ఇవ్వలేదు. రోజూ వేయించుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. పిరుదులో సూది వేసే చోటు తప్పితే అది తుంటి నరంలోనే దిగుతుంది. సూది దిగిన క్షణమే పాదం దాకా మెరుపు పోయి, ఆ తర్వాత పాదం లేవకుండా వేలాడిపోయిన పిల్లలను, పెద్దలను నేను చూశాను. పిరుదును నాలుగు భాగాలు చేస్తే పైన, బయటి వైపు ఉన్న భాగంలోనే సూది వేయాలి. బక్కపలచని మనిషికి, పసిపిల్లకు ఇంకా జాగ్రత్త కావాలి. నరాల మందులని వాడే మాత్రలూ అంతే. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద ప్రీగాబలిన్‌ను పరీక్షిస్తే, సయాటికా నొప్పికి అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కాలేదు; తలతిరుగుడు మాత్రం ఎక్కువైంది.

ఆపరేషన్ ఎప్పుడు? 2007లో నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన నొప్పి ఉన్న 283 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి తొందరగా ఆపరేషన్, రెండో వర్గానికి వేచి చూడటం. వేచి చూసినవాళ్లలో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ తప్పలేదు. ఆపరేషన్ నొప్పిని త్వరగా తీసింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. కాబట్టి ఆపరేషన్ మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా, ఈ మనిషి ఇంకెంతకాలం ఓర్చుకోగలడు అని అడగాలి.

కొన్ని గుర్తులకు మాత్రం ఒక్కరోజు గడువు కూడా లేదు. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, పాదం లేవకపోవడం: వీటిలో ఏదొచ్చినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుకు టీబీ ఏమోనని చూడాలి. మన దేశంలో అది అరుదు కాదు.

ఇక నా తప్పు ఒకటి ఈ సభలో చెప్పాలి. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో బియ్యం మిల్లులో పనిచేసే ఒక హమాలీ ఇదే నొప్పితో వచ్చాడు. నేను చదివిన చదువు ప్రకారం కాలికి ఇటుకలు వేలాడదీసి మూడు వారాలు మంచం మీద పెట్టాను. నొప్పి తగ్గింది, పిక్క సన్నబడింది. లేచి వెళ్లేసరికి ముఠాలో అతని చోట ఇంకొకరున్నారు. ఇంట్లో అప్పు. వారం తిరక్కుండా దొరికిన చోటల్లా బస్తాలు మోసి మళ్లీ పడిపోయాడు. నేను అతని నడుమును చూశాను, అతని కూలిని చూడలేదు.

డాక్టర్ సాబ్ నన్ను ఏమీ అనలేదు. ఆ సాయంత్రం స్కూటర్ మీద నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లి ముఠా మేస్త్రీని పక్కకు పిలిచారు. "రెండు నెలలు ఈయనకు బరువు పెట్టకు. దబ్బనం పని ఇయ్యి" అన్నారు. నిండిన బస్తా మూతిని దబ్బనంతో పురికొస పెట్టి కుట్టే పని అది. నిలబడి చేయొచ్చు, మధ్య మధ్యలో నడవొచ్చు, వంగనక్కర్లేదు. మేస్త్రీ కాసేపు ఆలోచించి సరేనన్నాడు, కూలిలో నాలుగో వంతు తగ్గించి. మూడో నెలలో ఆ హమాలీ మళ్లీ బస్తా ఎత్తాడు. ఈసారి ఇద్దరు కలిసి ఎత్తే పద్ధతిలో.

ఆ రోజు నాకు అర్థమైంది. నరం అడిగే గడువు ఆరు నుంచి పన్నెండు వారాలు. అది డాక్టర్ రాసిచ్చేది కాదు, పనిచ్చేవాడు ఇవ్వాల్సింది. మన చట్టంలో దీనికి ఒక దారి ఉంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కట్టే కార్మికుడికి జబ్బు చేస్తే, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. 91 రోజులంటే పదమూడు వారాలు. మీ నరానికి కావలసిన గడువు ఆ అంకెలోనే ఇమిడి ఉంది. మేడ్చల్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ, జీతంలో నుంచి నెలనెలా కోత పడుతున్నా ఈ సంగతి తెలియక సూది వేయించుకుని డ్యూటీకి వెళ్లినవాళ్లను నేను ఎందరినో చూశాను. అడ్డా మీద నిలబడే కూలీకి, కలుపు తీసే ఆ తల్లికి మాత్రం ఆ 91 రోజులు లేవు. వాళ్లకు ఉన్నది మనమే.

అందుకే ఈ వేదిక మీద నుంచి మూడు మాటలు అడుగుతున్నాను. ఫ్యాక్టరీలు, గోదాములు నడిపేవారు మీ దగ్గర నడుముకు భారం కాని పనులేవో ముందే రాసిపెట్టుకోండి. నొప్పితో వచ్చినవాడిని ఇంటికి పంపకుండా ఆ పనికి మార్చండి. మేస్త్రీలు, రైతులు యాభై కిలోల బస్తాను ఇద్దరి చేత ఎత్తించండి, కలుపులో గంటకోసారి నిటారుగా నిలబడి నడుము వెనక్కి విరుచుకోనివ్వండి. నాతోటి డాక్టర్లు, ఆర్ఎంపీలు సూది పట్టుకునే ముందు ఆ కాలును ఒక్కసారి ఎత్తి చూడండి, బొటనవేలిని అణిచి చూడండి, మూత్రం సంగతి అడగండి.

ఆ హమాలీకి ఇప్పుడు డెబ్బై దాటాయి. కిందటేడు డాక్టర్ సాబ్ దినానికి వచ్చినప్పుడు దవాఖాన గుమ్మం దగ్గర కలిశాడు. కర్ర లేకుండా నడిచి వచ్చాడు. ఆ దబ్బనం ఇంకా ఇంట్లో దాచుకున్నానని చెప్పాడు.